పొద్దున వచ్చిన ఊపు మధ్యాహ్నానికే ఎందుకు పోతోంది?

సాయంకాలం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఒక ఆఫీసులో అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేస్తున్నాను. ప్రమోషన్ రావాలంటే డిపార్ట్‌మెంటల్ పరీక్ష పాసవ్వాలి. చదువుకోవడానికి నాకు చిక్కేది సాయంత్రం ఆరున్నర తర్వాత ఓ గంటో, గంటన్నరో.

పాజిటివ్‌గా ఉండాలని అందరూ చెబుతుంటే రెండు పనులు మొదలుపెట్టాను. లేవగానే ఒక మోటివేషన్ వీడియో వినడం. ఆ తర్వాత అద్దం ముందు నిలబడి "నేను సమర్థురాలిని, సాధించి తీరతాను" అని పైకే అనుకోవడం. బస్సు దిగేదాకా ఒంట్లో కొత్త బలం వచ్చినట్టే ఉంటుంది. పదకొండింటికి పై ఆఫీసరు ఏదో ఒక వోచర్ మీద ఎర్ర పెన్నుతో గీత కొట్టి వెనక్కి పంపుతారు. అంతే, పొద్దున అద్దంలో అన్న మాటలు అబద్ధాల్లా వినిపిస్తాయి. ఇక ఆ రోజంతా "నాకు ఏదీ సరిగ్గా రాదు" అన్నదే లోపల తిరుగుతుంది. సాయంత్రం పుస్తకం తెరిస్తే కళ్లు అక్షరాల మీద, మనసు ఆ ఎర్ర గీత మీద.

ఇంకొకటి. కొన్ని రోజులు వరసగా చదివి ఒక్క రోజు తప్పితే చాలు, మొత్తం పోయినట్టే అనిపిస్తుంది. మళ్లీ సోమవారం వచ్చేదాకా పుస్తకం ముట్టుకోబుద్ధి కాదు. అలవాటు 21 రోజుల్లో కుదురుకుంటుందంటారు కదా, ఆ లెక్క నా విషయంలో ఎప్పుడూ పూర్తి కాలేదు.

పాజిటివ్ మైండ్‌సెట్ అనేది పుట్టుకతో రావాల్సిందేనా? పొద్దున తెచ్చుకున్న ఉత్సాహాన్ని సాయంత్రం దాకా కాపాడుకునే దారి ఏదైనా ఉందా? అనుభవంతో చెప్పేవాళ్లు ఉంటే చెప్పండి. "గట్టిగా అనుకుంటే అయిపోతుంది" అనే మాట మాత్రం వద్దండి, అది చాలా విన్నాను.

రాత్రి డ్యూటీ

నాది షిఫ్టుల ఉద్యోగం. ముందు ఒక మాట అడుగుతాను: రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారు? నిద్ర చాలని రోజు నాకు చిన్న మాట కూడా పెద్దగా గుచ్చుకుంటుంది. అదే మాట బాగా నిద్రపోయిన రోజు పక్కనుంచి వెళ్లిపోతుంది. ఐదు గంటల నిద్రతో ఏ మైండ్‌సెట్టూ నిలవదండి. ముందు అది చూసుకోండి, మిగతావి తర్వాత.

ఫిజియో అక్క

సాయంకాలం గారూ, నేను ఫిజియోథెరపిస్టుని. చాలా ఏళ్లుగా మోకీలు, తుంటి కీలు మార్పిడి ఆపరేషన్లు అయినవాళ్లతోనే నా పని. సగం పని చేతులతో, సగం మాటలతో. మీరు అడిగినది నేను రోజూ కళ్లెదుట చూసేదే కాబట్టి కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మోకీలు మార్చాక ఇంటికి వెళ్లేవాళ్లకు మేం నేర్పే వ్యాయామాల్లో అన్నిటికన్నా తేలికైనది ఒకటుంది. టవల్‌ని చుట్ట చుట్టి మోకాలి కింద పెట్టుకోవాలి. తొడ కండరం బిగించి, ఆ టవల్‌ని మోకాలితో మంచానికేసి అదమాలి. ఐదు లెక్కపెట్టి వదలాలి. పక్కన కూర్చున్నవాళ్లకు కాలు కదిలినట్టే కనిపించదు. కానీ ఆ తొడ కండరం మేల్కోకపోతే నిలబడ్డప్పుడు కాలు ఆగదు. ఇంత చిన్న పనికి కూడా ఎవరికీ మనసొప్పదు. వాపు ఉంటుంది, నొప్పి ఉంటుంది, రాత్రంతా సరిగ్గా నిద్ర ఉండదు. "కాస్త హుషారు వచ్చాక చేస్తానమ్మా" అన్నవాళ్లు మరుసటి వారం వచ్చినప్పుడు కూడా అదే మాట అంటారు. హుషారు లేకుండానే పదిసార్లు అదిమినవాళ్ల నోట్లోంచే "ఇంకో పది చేయనా?" అనే మాట వస్తుంది. హుషారు ముందు రాదమ్మా, పని మొదలయ్యాక వెనకాల వస్తుంది. మీరు దాన్ని పొద్దున ఏడింటికి తెచ్చుకుని సాయంత్రం ఆరున్నర దాకా మోసుకెళ్లాలని చూస్తున్నారు. ఎవరికైనా అది కష్టమే.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. డిప్రెషన్ ఉన్నవాళ్ల విషయంలో పీటర్ లెవిన్సన్ 1970లలోనే దీని మీద పనిచేశారు. మనసు కుదుటపడేదాకా ఆగకుండా, చిన్న చిన్న పనుల్ని దినచర్యలో పెట్టి చేయిస్తే మనసు తర్వాత కదులుతుందని. 1996లో నీల్ జేకబ్‌సన్ బృందం పూర్తి కాగ్నిటివ్ థెరపీని (ఆలోచనా తీరును మార్చే చికిత్సను), అందులో పనులు చేయించే భాగాన్ని విడిగా తీసి పోల్చింది. ఆ ఒక్క భాగమే పూర్తి చికిత్సకు దీటుగా నిలిచింది. ఆలోచన మారితేనే పని మారుతుందని కూర్చోనక్కర్లేదన్నమాట.

ఇక మీ అద్దం సంగతి. ఆ మాటలు మిమ్మల్ని వెక్కిరిస్తున్నట్టు అనిపించడం మీలో లోపం కాదు. 2009లో జోయన్ వుడ్, ఇంకో ఇద్దరు పరిశోధకులు కొందరి చేత "నేను ప్రేమించదగిన మనిషిని" అనే అర్థం వచ్చే మాటను పదే పదే అనిపించి చూశారు. తమ మీద తమకు ముందే మంచి అభిప్రాయం ఉన్నవాళ్లకు కొద్దిగా మేలు జరిగింది. అది తక్కువగా ఉన్నవాళ్ల మనసు ఇంకా కిందికి జారింది. లోపల నమ్మకం లేని మాటను నోటితో అంటే, మనసు వెంటనే దానికి ఎదురు సాక్ష్యాలు వెతుకుతుంది. మీకు పదకొండింటికి ఆ సాక్ష్యం ఎర్ర పెన్నుతో వస్తోంది. ఆ మాటలు మానేయండి. వాటి చోట మీరు నిజంగా నమ్మగలిగేది చిన్నది పెట్టుకోండి: "నిన్న డిప్రిసియేషన్ (తరుగుదల) లెక్క ఒకటి నా అంతట నేను చేశాను." ఇది ఎవరూ కాదనలేరు, మీ మనసు కూడా.

మా తుంటి కీలు పేషంట్ల మీదే జరిగిన పరిశోధన ఒకటి ఉంది. 2002లో గాబ్రియేలె ఓటింగెన్, డోరిస్ మేయర్ ప్రచురించారు. "నేను కోలుకుంటాను" అని ఆపరేషన్‌కి ముందు నమ్మకంగా ఉన్నవాళ్లు బాగా కోలుకున్నారు. హాయిగా నడుస్తున్నట్టు, అంతా సజావుగా అయిపోయినట్టు ఊహల్లో తేలినవాళ్లు అంత బాగా కోలుకోలేదు. నమ్మకం వేరు, పగటికల వేరు. పగటికలలో పని అప్పటికే అయిపోయి ఉంటుంది కాబట్టి శరీరం సడలిపోతుంది. వీడియో చూశాక మీకు వచ్చే బలం ఎక్కువగా ఈ రెండో రకానిదేమో చూసుకోండి.

ఒక పెద్దాయన గురించి చెబుతాను. మోకీలు మార్చాక కాలు 70 డిగ్రీల దగ్గర ఆగిపోయింది. మెట్లు ఎక్కాలంటే సుమారు 90 దాకా వంగాలి. వచ్చినప్పుడల్లా మేడ మీదికి ఎక్కి మొక్కలకు నీళ్లు పోస్తానని ఉత్సాహంగా చెప్పేవారు, ఇంటి దగ్గర మాత్రం వ్యాయామం సాగేది కాదు. ఎప్పుడు చేస్తున్నారని అడిగితే "వీలు చూసుకుని" అనేవారు. వీలు చూసుకుని చేసే పని ఎవరి ఇంట్లోనూ జరగదు. అందుకని ఆయన చేత ఒక కాగితం మీద రాయించాను: "పళ్లు తోముకున్నాక, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, పాదాన్ని వెనక్కి జరుపుతాను." కుర్చీలో కూర్చుని, పాదం నేలకు ఆనించే ఉంచి, ఎంత వెనక్కి వెళ్తే అంత జరపడం, అదే వ్యాయామం. కాలి బొటనవేలు ఆగిన చోట నేల మీద పెన్సిల్‌తో చిన్న గీత పెట్టమన్నాను. ఆ గీతలు మనవరాలు పెట్టేది. ఒక్కోరోజు గీత మీద గీతే పడేది. ఒక్కోరోజు గోటి మందం వెనక్కి. ఆయన ఫోన్‌లో ఆ గీతల ఫొటో తీసి తెచ్చి, నేను గోనియోమీటర్ (కీలు ఎంత వంగిందో కొలిచే పరికరం) పెట్టి కొలవకముందే "చూడండి, ఇక్కడి నుంచి ఇక్కడికి" అని చూపించారు. ఆ రోజు మొక్కల మాట రాలేదు, గీతల గురించే మాట్లాడారు.

ఎప్పుడు, ఎక్కడ, దేని తర్వాత అని ముందే రాసిపెట్టుకోవడం మీద పీటర్ గోల్‌విట్జర్ అనే సైకాలజిస్టు చాలా పని చేశారు. కీళ్ల మార్పిడి అయినవాళ్ల మీద షీనా ఆర్బెల్, పాస్కల్ షీరన్ 2000లో ప్రచురించిన అధ్యయనంలో కూడా, ఇలా రాసుకున్నవాళ్లు మామూలు పనులు త్వరగా మొదలుపెట్టగలిగారు. మీరు కూడా ఇలాగే రాసుకోండి. "రోజూ చదవాలి" అని కాదు. "ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక, ఫోన్ వేరే గదిలో పెట్టి, బల్ల ముందు కూర్చుని, ఒక్క లెక్క చేస్తాను." ఒక్కటే. రెండోది చేయాలనిపిస్తే చేయండి, లేకపోతే లేవండి.

ఎర్ర గీతకు కూడా ఒక వాక్యం ముందే సిద్ధంగా ఉంచుకోండి. "వోచర్ వెనక్కి వస్తే, తప్పు ఎక్కడుందో ఒక్క ముక్కలో డైరీలో రాసి, సరిచేసి పంపి, లేచి మంచినీళ్లు తాగొస్తాను." "ఖాతా నంబరు తప్పు" అని రాస్తే అది ఆ వోచర్‌కి సంబంధించిన మాట. "నాకు ఏదీ సరిగ్గా రాదు" అంటే అది జీవితమంతటికీ సంబంధించిన మాట. మార్టిన్ సెలిగ్మన్ ఆశావాదం మీద చేసిన పరిశోధనలో ముఖ్యంగా చెప్పింది ఇదే. చెడు జరిగినప్పుడు దాన్ని "ఎప్పుడూ ఇంతే, అన్నిట్లో ఇంతే, నా వల్లే" అని చెప్పుకునేవాళ్లు త్వరగా చేతులెత్తేస్తారు. అది పుట్టుకతో వచ్చిన గుణమేమీ కాదు, చెప్పుకునే తీరును మార్చుకోవడం నేర్చుకోవచ్చు.

21 రోజుల మాట. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో, మారిన ముఖానికి పేషంట్లు అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశారు. అది చేతులు మారి అలవాట్లన్నిటికీ సూత్రమై కూర్చుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, అలవాటు కుదురుకోవడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టవచ్చని తేలింది. కానీ మనిషినీ పనినీ బట్టి అది 18 నుంచి 254 దాకా మారింది. మీకు పనికొచ్చే మాట ఇంకొకటి అందులోనే ఉంది: మధ్యలో ఒక్క రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడే తీరు దెబ్బతినలేదు. కాబట్టి బుధవారం తప్పితే గురువారం కూర్చోండి. సోమవారం దాకా ఆగాల్సిన పనే లేదు.

లెక్చరర్

ఫిజియో అక్క గారు చెప్పినవన్నీ ఒప్పుకుంటూనే ఒక చోట ఆగుతున్నాను. మీ పేషంట్‌కి కాలు నొప్పి, నడవాలనే కోరిక రెండూ సొంతం. పరీక్షలకు చదివే చాలామందికి ఆ కోరిక సొంతం కాదు. నా క్లాసులో ఏటా చూస్తాను. మొదటి నెలలోనే ఎవరు మధ్యలో వదిలేస్తారో కొంత తెలిసిపోతుంది. తెలివి తక్కువగా ఉన్నవాళ్లు కాదు, "మా వాళ్లు చేరమన్నారు" అని తప్ప వేరే జవాబు లేనివాళ్లు.

ఎడ్వర్డ్ డెసి 1971లో విద్యార్థులకు ముక్కలు పేర్చే పజిళ్లు ఇచ్చి చూశారు. కొందరికి పరిష్కరించినందుకు డబ్బు ఇచ్చారు. డబ్బు ఆపేశాక, ఖాళీ సమయంలో వాళ్లు ఆ పజిల్‌ను ముట్టుకోవడం తగ్గింది. డబ్బు తీసుకోనివాళ్లలో ఆ తగ్గుదల రాలేదు. తర్వాత ఆయన, రిచర్డ్ రయాన్ కలిసి చెప్పింది ఏమిటంటే, ఉత్సాహం నిలవాలంటే మనిషికి మూడు కావాలి: ఇది నేను ఎంచుకున్నాననే భావం, నాకు చేతనవుతోందనే అనుభవం, తోడుగా మనుషులు. సాయంకాలం గారు రాసినదంతా చదివితే మొదటిదాని గురించి ఒక్క మాట కూడా లేదు. ప్రమోషన్ అన్నారు సరే. ఆ పరీక్షలో ఉన్న విషయం అంటే మీకు ఇష్టమేనా? అది తేలకుండా టవల్ ఎంత అదిమినా లాభం తక్కువేనని నా అభిప్రాయం.

ఫిజియో అక్క

లెక్చరర్ గారు అడిగింది అసలు ప్రశ్నే. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఇష్టం ముందే తేలాలని కూర్చుంటే కొందరికి ఎప్పటికీ తేలదు. చేతనవడం మొదలయ్యాక ఇష్టం పుట్టడం కూడా చూశాను. మీరు చెప్పిన మూడింట్లో రెండోది మొదటిదాన్ని లాక్కొస్తుంది. ఆ పెద్దాయనకు కుర్చీ వ్యాయామం మొదట్లో ఏమాత్రం ఇష్టం లేదు.

సాయంకాలం

ఇంత ఓపిగ్గా రాసినందుకు చేతులెత్తి నమస్కారం. లెక్చరర్ గారి ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగిపోయాను, ఎందుకంటే నన్ను ఎవరూ అది అడగలేదు.

జవాబు రాస్తున్నాను. పరీక్షలో రూల్స్ పేపర్ నాకు ఇష్టం లేదు. సెక్షన్ నంబర్లు, సబ్ క్లాజులు. కానీ అకౌంట్స్ పేపర్ ఇష్టం, చాలా ఇష్టం. ట్రయల్ బ్యాలెన్స్‌లో డెబిట్, క్రెడిట్ మొత్తాలు కలవనప్పుడు అందరూ తల పట్టుకుంటే నాకు చేతులు దురద పెడతాయి. తేడా ఎంతో చూస్తాను. అది తొమ్మిదితో శేషం లేకుండా భాగిస్తే, ఎక్కడో అంకెలు తారుమారయ్యాయని అనుమానిస్తాను, 540 బదులు 450 రాసినట్టు. తేడా సరిసంఖ్య అయితే దాన్ని సగం చేసి, ఆ మొత్తం ఏదైనా డెబిట్‌లో పడాల్సింది క్రెడిట్‌లో పడిందేమో వెతుకుతాను. అది దొరికిన క్షణం ఎంత తృప్తిగా ఉంటుందో ఎలా చెప్పను. మా సెక్షన్‌లో తేడాలొస్తే ఫైళ్లు నా బల్ల మీదికే వస్తాయి. ఇది రాస్తుంటే గుర్తొచ్చింది, "నాకు ఏదీ సరిగ్గా రాదు" అని రోజూ అనుకునేదీ నేనే.

నేను రోజూ రూల్స్ పేపర్‌తో మొదలుపెడుతున్నాను, కష్టమైనది ముందు అయిపోతుందని. దాంతోనే ఆగిపోతోంది. రేపటి నుంచి అకౌంట్స్ లెక్క ఒకటి ముందు, తర్వాత రూల్స్ ఒక్క పేజీ. ఇలా తిరగేస్తే సరైనదేనా?

లెక్చరర్

నూటికి నూరుపాళ్లు సరైనదే. రూల్స్ కూడా లెక్కగా మార్చుకోండి. సెక్షన్ చదివి ఊరుకోకుండా, దాన్ని వాడాల్సిన ఒక కేసు మీరే రాసి, జవాబు కట్టండి. తేడా వెతకడం ఇష్టమన్నారు కదా, రూల్‌ను తప్పుగా వాడిన ఒక బిల్లు రాసి, తప్పు ఎక్కడో పట్టుకోండి. ఇంకో పరీక్షార్థి ఎవరైనా దొరికితే ఒకరు రాసింది ఒకరు దిద్దండి, మూడోది కూడా తీరుతుంది.

రాత్రి డ్యూటీ

నిద్ర గురించి జవాబు రాలేదు సుమా.

సాయంకాలం

క్షమించండి. ఐదున్నర, ఆరు గంటలు. పన్నెండు దాకా ఫోన్ చూస్తున్నాను, మోటివేషన్ వీడియోలే ఎక్కువ.

తెల్ల కోటు

నేను డాక్టర్‌ని. అందరూ మంచి మాటలు చెప్పారు. చదివేవాళ్లలో వేరేవాళ్లు కూడా ఉంటారు కాబట్టి ఇది రాస్తున్నాను. రెండు వారాలు, దాదాపు ప్రతి రోజూ, రోజులో ఎక్కువ భాగం మనసు బరువుగా ఉండి, ఇదివరకు ఇష్టమైన పని కూడా రుచించకపోతే, నిద్ర, ఆకలి మారిపోతే, అది మైండ్‌సెట్ సమస్య అనుకుని వదిలేయకండి. డిప్రెషన్‌కి చికిత్స ఉంది. బతకాలని లేదనే ఆలోచన వస్తే రెండు వారాలు చూడటం కూడా వద్దు, ఆ రోజే ఎవరికైనా చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రక్తహీనత, థైరాయిడ్ హార్మోన్ తగ్గడం, బి12 లోపం ఉన్నవాళ్లు కూడా "నాకు బద్ధకం పెరిగింది" అనే మాటతోనే వస్తారు. ఒక రక్తపరీక్షతో తేలిపోయేదానికి ఏళ్ల తరబడి తమను తాము తిట్టుకున్నవాళ్లు ఉన్నారు. సాయంకాలం గారికి తేడా వెతకడంలో ఇంకా అంత ఆనందం ఉందంటే నాకు కొంత నిశ్చింతగానే ఉంది. అయినా అలసట తగ్గకపోతే ఒకసారి చూపించుకోండి.

సాయంకాలం

తప్పకుండా. చివరగా ఒక సందేహం ఫిజియో అక్కా. నెలాఖరులో లెక్కలు ముగించే క్లోజింగ్ ఉంటుంది, ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. ఆ నాలుగైదు రోజులు ప్లాన్ మొత్తం తలకిందులవుతుంది. అప్పుడేం చేయను? పెన్సిల్ గీతలాంటిది నాకేది అవుతుంది?

ఫిజియో అక్క

క్లోజింగ్ వస్తుందని మీకు నెల ముందే తెలుసు కాబట్టి దానికి వేరే వాక్యం ఇప్పుడే రాసి పెట్టుకోండి: "ఎనిమిది దాటి వస్తే, ఒక్క జర్నల్ ఎంట్రీ (ఒక లావాదేవీ నమోదు) రాసి పుస్తకం మూస్తాను." రెండు నిమిషాల పని. ఆ రోజు చదువు కోసం కాదు, ఆ కుర్చీలో కూర్చోవడం తప్పకుండా ఉండటం కోసం. మా పేషంట్లకు జ్వరం వచ్చిన రోజు కూడా వ్యాయామాలన్నీ ఆపించి, టవల్ ఒక్కటి అదమమంటాను.

గీత సంగతి: చేసిన లెక్క నంబరు, తేదీ, ఎక్కడ చిక్కుకున్నారో మూడు నాలుగు మాటలు ఒక నోటు పుస్తకంలో రాయండి. గంటలు రాయకండి. కూర్చున్న గంటలు చూస్తే తృప్తి రాదు, నిన్న చిక్కుకున్నది ఇవాళ దాటితే వస్తుంది. తెరెసా అమాబిలె బృందం 238 మంది ఉద్యోగులు రోజూ రాసిన సుమారు 12,000 డైరీ నోట్లు చదివి పట్టుకున్నది కూడా ఇదే. చేస్తున్న పని కాస్త ముందుకు కదిలిన రోజే వాళ్ల మనసు అన్నిటికన్నా బాగుంది. అలా కదిలింది మీకు కనిపించాలంటే ఎక్కడో రాసి ఉండాలి. రాత్రి పదకొండింటికి ఫోన్ ఆ నోటు పుస్తకం ఉన్న గదిలోనే వదిలేసి పడుకోండి. వచ్చే నెల క్లోజింగ్ అయ్యాక ఎలా సాగిందో ఇక్కడే రాయండి, చిక్కుకున్న చోట్లతో సహా.